మంచు కింద గీత

ఈ కథ చివర ఏమవుతుందో ముందే చెప్పేస్తాను. 2012 డిసెంబరు 6న, అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, యెల్లోస్టోన్ జాతీయవనం తూర్పు సరిహద్దుకు సుమారు 24 కిలోమీటర్ల అవతల, ఒక వేటగాడి తుపాకీ గుండుకు ఒక ఆడ తోడేలు నేలకొరిగింది. వేటగాడి జేబులో అనుమతి పత్రం ఉంది. వేట కాలం నడుస్తోంది. ఆ కొండల్లో వేటకు అడ్డు లేదు. చట్టం చూపు నుంచి చూస్తే ఆ రోజు అక్కడ ఏ తప్పూ జరగలేదు. నిందించడానికి ఒక మనిషి దొరికితే దుఃఖం కొంతైనా అటు ప్రవహించి చల్లారుతుంది. ఈ చావుకు ఆ దారి కూడా లేదు.

ఆ తోడేలును నేను ఆమె అనే పిలుస్తాను. మన భాషలో జంతువును అది అనడం వాడుక, నాకూ తెలుసు. కానీ తెలుగు క్రియాపదానికి ఆ తేడా లేదు కదా. ఇంటి ఆడపడుచు వచ్చినా వచ్చింది అంటాం, అడవిలో తోడేలు వచ్చినా వచ్చింది అంటాం. మన వ్యాకరణమే ఎప్పుడో ఆ ఇద్దరినీ ఒకే పీట మీద కూర్చోబెట్టింది. ఆ చనువుతోనే అంటున్నాను.

2006లో పుట్టింది గనుక ఆమెను అందరూ ‘ఓ-సిక్స్’ అన్నారు. బతుకులోని చివరి సంవత్సరం మెడకు పట్టీ పడ్డాక శాస్త్రవేత్తల పుస్తకంలో 832ఎఫ్ అయింది. వనంలోని లమార్ లోయ పక్కనే ఒక తారురోడ్డు పోతుంది. ఆ రోడ్డు వారన, ఎముకలు కొరికే చలిలో, తెల్లారకముందే దూరదర్శినులు నిలబెట్టుకుని ఎదురుచూసే జనం ఉండేవారు. ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కి వచ్చినవాళ్లు, పింఛను తీసుకుని అక్కడే స్థిరపడినవాళ్లు, ఏళ్ల తరబడి దాదాపు ప్రతి ఉదయం ఆ లోయను చూసి రాసిపెట్టిన రిక్ మెకింటైర్ లాంటివాళ్లు. వాళ్లకు ఆమె నడక తెలుసు. అరకోసు దూరంలో ఒక బూడిదరంగు చుక్క కదిలితే, అదిగో ఆమె, అని గుర్తుపట్టేవారు. లోకంలో అంతమంది చూపు మీద పెరిగిన అడవి తోడేలు మరొకటి లేదేమో.

ఆమె వంశం ఎలా వచ్చిందో చెప్పాలి. అక్కడే ఈ విషాదం వేర్లున్నాయి.

యెల్లోస్టోన్ 1872లో ఏర్పడింది. లోకంలో మొదటి జాతీయవనమని దాని పేరు. అయినా ఆ వనంలో తోడేలుకు చోటు లేకపోయింది. దుప్పిని, జింకను కాపాడాలంటే తోడేలును చంపాలన్నది ఆనాటి బుద్ధి. 1914 నుంచి 1926 దాకా వనం లోపలే, కాపాడవలసిన చేతులతోనే, కనీసం 136 తోడేళ్లను తుడిచేశారు. 1926లో సోడా బ్యూట్ వాగు దగ్గర రెండు పిల్లలు ఉచ్చులో పడి చచ్చాయి. నమోదైన వాటిలో ఆఖరివి అవే. ఆ వాగు వచ్చి కలిసేది లమార్ నదిలోనే. తర్వాత దాదాపు 70 ఏళ్లు ఆ లోయలో రాత్రుళ్లు తోడేలు గొంతు వినిపించలేదు. రెండు మూడు తరాల మనుషులు ఆ నిశ్శబ్దంలోనే పుట్టి పెరిగారు. అదే ఆ కొండల సహజ స్వభావం అనుకున్నారు. తరువాత వచ్చిన తగువంతా ఈ ఒక్క అపోహలోంచి మొలిచిందని నాకనిపిస్తుంది. ఒకరికి తోడేలు ఇంటికి తిరిగొస్తున్న బిడ్డ. ఇంకొకరికి అది పిలవని పేరంటం.

1995 జనవరి 12న కెనడాలో పట్టిన తోడేళ్లను లోహపు పెట్టెల్లో పెట్టి తెచ్చారు. ఒక పెట్టెను మోసిన చేతుల్లో అంతర్గత వ్యవహారాల శాఖ మంత్రి బ్రూస్ బాబిట్ చేతులున్నాయి, వన్యప్రాణి సేవా విభాగం అధిపతి మాలీ బీటీ చేతులున్నాయి. అంతకుముందు ప్రజాభిప్రాయం అడిగితే లక్షన్నరకు పైగా మాటలు వచ్చి పడ్డాయి. రైతుల సమాఖ్య కోర్టుకెక్కింది. పెట్టెలు వనం చేరిన రోజునే న్యాయస్థానం తాత్కాలికంగా ఆపమంది. మూత తెరవడానికి వీల్లేక, కాళ్లు చాపుకోవడానికి చోటు లేక, ఆ జంతువులు గంటల తరబడి చీకట్లో ముడుచుకుని ఉండిపోయాయి. మనుషులు తమలో తాము తేల్చుకునేదాకా తోడేలు పెట్టెలో కూర్చోవాలి. మొదటిరోజే రాసిన రాత అది. చెరిగిపోలేదు.

ఆ ఏడాది 14, మరుసటి ఏడాది 17, మొత్తం 31 తోడేళ్లు అలా వచ్చాయి. వాటిలో 10ఎం అనే పెద్ద మగతోడేలు ఒకటి. 9ఎఫ్ అనే ఆడదానితో జతకట్టి, ఆమె నిండుచూలాలుగా ఉండగా, ఇద్దరూ వనం దాటి మోంటానాలోని రెడ్ లాడ్జ్ ఊరి దాపులకు పోయారు. 1995 ఏప్రిల్‌లో అక్కడ 10ఎంను ఒకడు కాల్చాడు. తల, తోలు కోసుకుపోయాడు. ఆ రోజుల్లో అది నేరం, తర్వాత శిక్ష కూడా పడింది. కానీ ఆ వేసవి స్వాతంత్ర్య దినోత్సవపు ఊరేగింపులో అతను గుర్రమెక్కి ఊరేగాడు. మగడు తిరిగిరాని ఆ దినాల్లో 9ఎఫ్ ఒక చెట్టు మొదట్లో, గుంట కూడా తవ్వుకోకుండా, ఎనిమిది పిల్లలను కన్నది. వనాధికారులు వెతికి పట్టుకుని, తల్లినీ పిల్లలనూ వెనక్కి తెచ్చారు. ఆ ఎనిమిదిలో ఒకడు 21ఎం. పెరిగి పెద్దయి లమార్ లోయను ఏలినవాడు, గెలిచినా ఓడినవాణ్ణి చంపకుండా వదిలేసేవాడని చూసినవాళ్లు చెప్పుకునేవారు. ఓ-సిక్స్ ఆ 21ఎంకు మనవరాలు. అంటే తొలి ఏడాదే గీత దాటి తుపాకీకి బలైన 10ఎం ఆమెకు ముత్తాత. మన పల్లెల్లో ముసలివాళ్లు ఇలాంటిది వింటే ఒక్కమాటే అంటారు, ఆ ఇంటికి ఆ దిక్కు అచ్చిరాలేదని.

ఆమె యవ్వనం గురించి చెప్పేటప్పుడు, చూసినవాళ్ల ముఖాలు వెలిగేవట. తోడేళ్లు గుంపుగా వేటాడతాయి. ఈమె తనకంటే నాలుగైదింతల బరువున్న ఎల్క్ దుప్పిని ఒంటరిగా పడగొట్టేది. గుంపు విడిచి ఒక్కతే తిరిగిన కాలంలో మగతోడేళ్లు వెంటపడితే కొన్నాళ్లు చూసి తన దారిన తాను పోయేది. చివరికి 2010లో ఇద్దరు అన్నదమ్ములను తోడు చేసుకుంది. తనకంటే చిన్నవాళ్లు, వేట ఇంకా చేతగానివాళ్లు. ఒకడు 755ఎం, ఆమె పెనిమిటి అయ్యాడు. రెండోవాడు 754ఎం, పిల్లల దగ్గర బాబాయిలా ఉండిపోయాడు. ఈ ముగ్గురితో లమార్ కాన్యన్ గుంపు మొదలైంది. మూడేళ్లలో మూడు కాన్పులు. వసంతం రాగానే గుహ ముందు పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి ఆడుకుంటుంటే, లోయకు ఇవతల రోడ్డు మీద పరాయి పిల్లలు, తమ నాన్నల భుజాలెక్కి, ఆ ఆటను చూసేవారు.

2012 వసంతంలో మాలీస్ గుంపు ఆమె గూటి మీదికి దండెత్తి వచ్చింది. మాలీ బీటీ 1996లోనే కన్నుమూసింది. ఆమె జ్ఞాపకంగా పెట్టిన పేరు అది. తోడేళ్లకు తోడేళ్ల వల్లనే చావు ఎక్కువగా వచ్చే చోటు యెల్లోస్టోన్. ఆ పూట ఓ-సిక్స్ బతికింది, పిల్లలూ దక్కాయి. సాటి తోడేళ్ల కోరలకు దొరకని తల్లి ఆమె. ఆ ఏడాది శీతకాలానికి ఆమెకు ఆరేళ్లు నిండాయి. అడవితోడేలుకు అది నడివయసు దాటినట్టే. అయినా ముందు నడిచేది ఆమే.

ఇప్పుడు గీతకు అవతలివైపు మనుషుల దగ్గరికి వెళ్దాం. వాళ్లను రాక్షసులను చేస్తే ఈ కథ తేలికైపోతుంది. నాకు అలా చెప్పబుద్ధి కాదు. రాయలసీమలోనో పాలమూరులోనో గొర్రెలు కాచుకునే ఇంట్లో పుట్టినవాడికి తోడేలంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. దొడ్డిలో దూరి ఒక్క పిల్లను ఎత్తుకుపోయినా ఆ ఏటి లెక్క తలకిందులవుతుంది. కాపరి కర్ర నేలకేసి కొట్టి ఏడుస్తాడు. వయోమింగ్, మోంటానా, ఐడహో పల్లెల్లో పశువులు పెంచుకునేవాళ్ల కడుపుకోత అంతకంటే భిన్నమైనది కాదు. ఒక స్వచ్ఛంద సంస్థ 1987 నుంచి 2010 దాకా తోడేలు చంపిన పశువులకు డబ్బు కట్టింది. డబ్బు తీసుకున్నారు. కోపం మాత్రం తీరలేదు. ఎందుకంటే వాళ్లను కోసింది ఆవుదూడ నష్టం ఒక్కటే కాదు. ఎక్కడో రాజధానిలో కూర్చున్నవాళ్లు, తమ గుమ్మం ముందు ఏ జంతువు తిరగాలో నిర్ణయించారు. మా కొండల గురించి మమ్మల్ని లెక్కచేయలేదన్న అవమానం అది.

ఎల్క్ దుప్పి ఆ ఇళ్లలో వేడుక కోసం వేటాడేది కాదు. శరదృతువులో ఒక్క దుప్పిని కొట్టి తెచ్చుకుంటే చలికాలమంతా ఇంటిల్లిపాదీ తింటారు. తాత తండ్రికి, తండ్రి కొడుక్కి నేర్పిన వేట. ఉత్తర యెల్లోస్టోన్ దుప్పుల మంద తోడేళ్లు రాకముందు సుమారు 19,000 ఉండేది. ఆమె చనిపోయిన చలికాలానికి దాదాపు 4,000కు పడిపోయింది. ఎలుగుబంట్లు పెరిగాయి, కొండసింహాలు పెరిగాయి, కరువులొచ్చాయి, మనుషులు కొట్టింది కూడా తక్కువేం కాదు. శాస్త్రవేత్తలు ఇవన్నీ చెప్పారు. కానీ ఖాళీ కొండ కేసి చూసే వేటగాడి కళ్లకు కనబడింది మంచులో తోడేలు అడుగు ఒక్కటే. ఆ పల్లెల్లో గుసగుసగా ఒక మాట తిరిగేది: కాల్చు, పాతిపెట్టు, నోరు మూసుకో. అటువైపు లోయ అంచున, తోడేళ్లను చూడడానికి వచ్చే జనం ఆ మూడు రాష్ట్రాల్లో ఏటా మూడున్నర కోట్ల డాలర్లు ఖర్చు పెడుతున్నారని 2005లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఒక ఊరికి అన్నం పెట్టిన తోడేలే పొరుగూరి అన్నం లాక్కుందని అనిపించుకుంది.

తప్పిపోయిన దారులున్నాయి. ఒక్కొక్కటీ తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

2009లో మోంటానాలో మొదటిసారి తోడేలు వేటకు అనుమతి వచ్చింది. వనం ఉత్తరపు అంచు దాటగానే కాటన్‌వుడ్ గుంపు తుపాకులకు ఎదురైంది. 527ఎఫ్ అనే ఆడ తోడేలు, ఏళ్ల పరిశోధనకు ఆధారమైనది, అక్కడే చచ్చింది. గుంపు చెదిరిపోయింది. రోడ్డు పక్క, కారు పక్క, మనిషి పక్క భయం లేకుండా పెరిగిన తోడేళ్లు అవి. పరిగెత్తి పారిపోవాలన్న సంగతి వాటికి నేర్పినవాళ్లు లేరు. వనం చుట్టూ కొంత మేర వేట లేని నేల ఉంచితే చాలునని అప్పుడే కొందరు మొత్తుకున్నారు. పార్కు గీత ఇంకొంచెం మా మీదికి జరుపుతారా అని రాష్ట్రాల వాళ్లు మండిపడ్డారు. మాట అక్కడే ఆగిపోయింది. ఆ నాలుగు మైళ్లో, పది మైళ్లో ఎవరో ఒకరు వదులుకుని ఉంటే.

2010 ఆగస్టులో న్యాయమూర్తి డొనాల్డ్ మొలాయ్ తీర్పుతో మోంటానా, ఐడహో తోడేళ్లకు మళ్లీ రక్షణ వచ్చింది. తోడేలు పక్షంవాళ్లు గెలిచామనుకున్నారు. పల్లెల్లో పొయ్యి మీద ఎసరులా కోపం పొంగింది. తరువాతి వసంతంలో కొన్ని సంస్థలు రాజీకి ఒప్పుకున్నాయి, కొన్ని ససేమిరా అన్నాయి. న్యాయస్థానం ఆ రాజీని తోసిపుచ్చింది. కొద్ది రోజులకే, 2011 ఏప్రిల్‌లో, బడ్జెట్ బిల్లు అడుగున ఒక చిన్న నిబంధన చేర్చి అమెరికా చట్టసభ కాంగ్రెస్సే తోడేలును రక్షిత జీవుల జాబితా నుంచి తీసేసింది. 1973 నాటి ఆ చట్టం పుట్టాక చట్టసభ నేరుగా ఒక జీవి పేరు కొట్టేయడం అదే తొలిసారి. గెలుపు అంత గట్టిగా పట్టుకోకపోతే, రాజీ కొంచెం ముందుగా కుదిరి ఉంటే అని ఇవాళ అనుకోవడం సులువే. ఆనాడు నమ్మకం అనేది ఏ పక్షం దగ్గరా మిగల్లేదు.

వయోమింగ్ వంతు 2012 సెప్టెంబరు 30న వచ్చింది. ఆ రోజు అక్కడి తోడేలుకు రక్షణ ముగిసింది. మర్నాడు, అక్టోబరు 1న, వేట కాలం మొదలైంది. మధ్యలో ఒక్క రాత్రి.

తర్వాత జరిగినవి ఇక్కడే చెప్పేస్తాను, ఆమె దగ్గరికి తిరిగి వెళ్లాక మళ్లీ ఎటూ కదలాలని లేదు. ఆమె పోయిందన్న వార్త దేశదేశాల పత్రికల్లో వచ్చింది. ఎన్నడూ ఆ లోయ చూడని వాళ్లు కంటతడి పెట్టుకున్నారు. నాలుగు రోజులకు మోంటానా అధికారులు వనం ఉత్తరాన వేట ఆపమన్నారు. జనవరిలో ఒక న్యాయస్థానం ఆ ఆపడాన్ని ఆపింది. ఆ వేట కాలంలో యెల్లోస్టోన్ తోడేళ్లు మొత్తం పన్నెండు పోయాయి. పెనిమిటి 755ఎం, గుంపులో ఉన్నవి తన కూతుళ్లే కాబట్టి, జత కోసం బయటికి పోయి తిరుగుబోతు బతుకు బతికాడు. 2014లో వయోమింగ్ తోడేలుకు ఇంకొక తీర్పు రక్షణ తిరిగిచ్చింది, 2017లో అదీ పోయింది. 2018 నవంబరులో, ఆమె కూతురు 926ఎఫ్, ఏడేళ్ల తల్లి, ఈశాన్య ద్వారం దాటి కొద్ది దూరం వెళ్లగానే కుక్ సిటీ దగ్గర తుపాకీకి బలైంది. అదీ చట్టబద్ధమే. 2021లో మోంటానా, వనం అంచున ఉన్న కొద్దిపాటి పరిమితిని కూడా ఎత్తేసింది. ఆ చలికాలం 25 యెల్లోస్టోన్ తోడేళ్లు పోయాయి. ముత్తాత, తల్లి, కూతురు. ముగ్గురిదీ అదే గీత.

ఇక ఆ ఆఖరి శరత్తు.

నవంబరులో, వనం తూర్పు అంచున ఉన్న అబ్సారొకా కొండల మీద మంచు దిగుతుంది. మేత కోసం ఎల్క్ దుప్పులు కిందికి, తూర్పుకు జారుకుంటాయి. లమార్ కాన్యన్ గుంపు బతుకులో ఎక్కువ పాలు వనంలోనే గడిచింది. బయట కాలు పెట్టినా కొద్ది రోజులే, మళ్లీ వచ్చేసేవి. ఈసారి శిఖరాలు దాటి వనం బయటి క్రాండాల్ వైపు దిగాయి. నవంబరు 11న అక్కడ 754ఎంను కాల్చారు. పిల్లలు మీద పడి తోక లాగినా, చెవి కొరికినా ఓర్చుకున్న ఆ బాబాయి, వాటి కళ్లెదుట లేకుండా పోయాడు.

మిగిలినవి వెనక్కి వచ్చాయి. రోడ్డు వారన దూరదర్శినుల దగ్గర నిలబడ్డవాళ్లు లోయలోకి దిగుతున్న తలలు లెక్కపెట్టుకున్నారు. ఆమె ఉంది. ఆమె ఉందన్న మాట ఒకరి నోటి నుంచి ఒకరికి, కారు నుంచి కారుకు పాకింది. ఊపిరి పీల్చుకున్నారు. చావు రుచి చూసి వచ్చారు కదా, ఇక అటు పోరులే అనుకున్నారు. మనమైతే పోము. మన ఇంట్లో ఒకరు పోయిన దారిన మన కాలు పడదు. ఆ కొన్ని రోజులు లమార్ లోయలో ఆమె నిద్రపోయింది, లేచింది, మంచులో ఒళ్లు దులుపుకుంది, గొంతెత్తి ఊళవేసింది. కొండలు ఆ ఊళను తిరిగి పలికాయి. ఆ రోజుల్లో ఏదో ఒకటి జరగవలసింది. ఒక పెద్ద దుప్పి మంద ఇటు తిరగవలసింది. ఒక మంచు తుఫాను కనుమలను మూసెయ్యవలసింది. ఎవరో ఒక అధికారి, ఒక్క సంతకంతో, ఆ కొండవాలు ఈ ఏటికి చాలు అనవలసింది. ఆ సంతకం పడే కాగితమే ఎక్కడా లేదు.

మళ్లీ తూర్పుకే బయలుదేరారు.

లోతు మంచులో తోడేళ్లు ఒకరి వెనక ఒకరు నడుస్తాయి. ముందున్నది ఛాతీతో మంచు చీల్చుకుంటూ పోతే, వెనకవాళ్లు ఆ అడుగుల్లో అడుగులు వేస్తారు. పదిమంది నడిచినా ఒక్కరు నడిచినట్టే కనబడుతుంది జాడ. ఆమె మెడకున్న పట్టీ తాను ఎక్కడుందో ఆకాశానికి చెబుతూనే ఉంది. చెట్లు పలచబడ్డాయి. శిఖరపు అంచు వచ్చింది. మనుషులు పటంలో సన్నగా గీసుకున్న గీత సరిగ్గా అక్కడే పోతుంది. దానికి ఇటు కాలు ఉంటే లోకమంతా మురిసే తల్లి, అటు పడితే ఎవరి చేతికైనా చిక్కే వేట. మంచు రెండువైపులా ఒక్కలాగే తెల్లగా పరుచుకుని ఉంది. వాలు దిగువన, గాలిలో, దుప్పుల వాసన ఉంది. ఆమె ముక్కు పైకెత్తి చూసి, ఎప్పటిలాగే, అందరికంటే ముందు దిగింది. పిల్లలు ఆమె అడుగుల్లో అడుగులు వేసుకుంటూ వెనకాల వెళ్లారు.